పట్టు విడిచిన చప్పుడు

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అందులో గొప్పా లేదు, తప్పూ లేదు. కడుపులో తల కిందకు తిప్పాల్సిన బిడ్డ తిప్పలేదు, అంతే. కానీ ఉయ్యూరు అవతల మా పేటలో అలా పుట్టినవాళ్ళకు పుట్టుకతోనే ఒక ఉద్యోగం వస్తుంది. నడుం పట్టేసినవాళ్ళని ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టు విడుస్తుందని నమ్మకం. అయిదేళ్ళు వచ్చేసరికే నేను ఆ ఉద్యోగంలో చేరిపోయాను.

దానికో పద్ధతి ఉంది. నడుం పట్టినవాళ్ళు తెల్లవారగానే, ముఖం కడుక్కోకముందే వచ్చి మా గడప ముందు చాప మీద బోర్లా పడుకోవాలి. నేనూ ముఖం కడుక్కోకూడదు. ఎడమ కాలితో నడుం మీద మూడుసార్లు తొక్కాలి. వాళ్ళు లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. అలా వరసగా మూడు పొద్దులు. మధ్యలో ఆపితే పట్టు సగమే విడుస్తుందట, ఆ మిగిలిన సగం ఇంకెప్పటికీ విడవదట. తొక్కేటప్పుడు లోపల్నుంచి టక్కుమని చప్పుడొస్తే మాత్రం పని అయినట్టే లెక్క. ఆ చప్పుడు వినగానే నేను చప్పట్లు కొట్టేదాన్నని అమ్మ చెప్పేది.

ఆదివారం నాకు సెలవు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. పాస్టరు గారికి ఇలాంటివి గిట్టేవి కావు. "బాగుచేసేది దేవుడా, పిల్లకాయ కాళ్ళా?" అని ఒకసారి ప్రసంగంలో గట్టిగానే అడిగారు. ఆ బుధవారం పొద్దున్నే పాస్టరమ్మ గారు నెత్తిన ముసుగేసుకుని వచ్చి మా చాప మీద బోర్లా పడుకున్నారు. మూడు పొద్దులూ తప్పకుండా వచ్చారు. ఆ తర్వాత ప్రసంగాల్లో నా కాళ్ళ మాట మళ్ళీ రాలేదు.

అమ్మకు నా కాళ్ళంటే గర్వం. నన్ను కనడానికి ఆమె రెండు రోజులు నొప్పులు పడింది. మంత్రసాని చేతులెత్తేసింది, నాన్న బండి కట్టించాడు, బండి ఎక్కించేలోపు నా కాళ్ళు బయటికొచ్చాయి. "నా నడుం ఇరగ్గొట్టి పుట్టావే. ఊళ్ళో వాళ్ళ నడుములు బాగుచేస్తన్నావు గదా, పోన్లే" అనేది నవ్వుతూ. ఆమె నవ్వుతూ అన్న ఆ మాట యాభై ఏళ్ళ తర్వాత నాకు ముల్లయి దిగుతుందని ఇద్దరికీ తెలియదు.

అమ్మ చెరకు కూలి. నరికిన చెరకు కట్టలు నెత్తిన పెట్టుకుని, గట్ల మీద నడిచి ట్రాక్టరు దాకా మోసేది. పేటలోని ఆడవాళ్ళందరికంటే పొడగరి. తల మీద కట్ట ఉన్నా మెడ కదిలేది కాదు, నడుం వంగేది కాదు. తాటిచెట్టని వెక్కిరించేవాళ్ళు. "తాటిచెట్టునే. ఎక్కితే తెలుసుద్ది" అనేది. ఆ పొడుగు నాకు రాలేదు. నాన్న పోలిక వచ్చింది.

ఆమెకు ముప్పై నాలుగో ఏట పెద్దాపరేషన్ అయింది. గర్భసంచీ, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. ఏం జబ్బు అంటే చెప్పడం కష్టం. నెలనెలా ఎక్కువగా అవుతోంది, నీరసం, నడుం లాగుతోంది. మా వైపు అప్పట్లో అది జబ్బుకి చేయించుకునే ఆపరేషన్ కాదు, ఈడుకి చేయించుకునే ఆపరేషన్. "పిల్లలు పుట్టేశారు గదా, ఇంకెందుకా సంచి? ఉంటే పుండై కూర్చుంటది" అని ఒకరికొకరు చెప్పుకుని, ఒకరికి తోడు ఒకరు వెళ్ళి చేయించుకుని వచ్చేవాళ్ళు. పేటలో చాలామంది పొత్తికడుపుల మీద అదే గాటు. అమ్మ రెండు నెలలకే మళ్ళీ చెరకు చేలో దిగింది. ఎంత తేలికైందో చూడు అని మురిసిపోయింది.

ఆ సంచితో పాటు ఎముకలకు కాపలా కాసేది కూడా పోయిందని ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి తెలిసినవాళ్ళు పేటలో ఎవరూ లేరు. తెలియాల్సినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే పెద్దయ్యాక నేను జీవశాస్త్రం టీచర్నయ్యాను. మైలవరం వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు అస్థిపంజరం పాఠం చెప్పాను. మనిషి ఒంట్లో ఎన్ని ఎముకలు అంటే రెండువందల ఆరు అని గది దద్దరిల్లేలా చెప్పిస్తాను. ఎముకలో కాల్షియం ఉంటుందని బోర్డు మీద రాస్తాను. ఆ రెండువందల ఆరు మా అమ్మకు కూడా ఉంటాయని నాకు తట్టలేదు.

నాన్న పోయాక అమ్మ విజయవాడలో మా ఇంటికి వచ్చేసింది. నేనూ, మా ఆయనా, అమ్మా. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. వచ్చిన కొత్తలో బాల్కనీలో బట్టల తీగ ఆమె పొడుగుకు సరిపోయేది, నాకే అందేది కాదు. ఉతికిన బట్టలు ఆమే ఆరేసేది. మూడు నాలుగేళ్ళయ్యాక తీగ అందడం లేదని గొణిగింది. మా ఆయన మేకులు పీకి రెండంగుళాలు కిందకు కొట్టాడు. ఇంకో రెండేళ్ళకు మళ్ళీ అందలేదు, మళ్ళీ దించాడు. మూడోసారి దించినప్పుడు, "మీ అమ్మకు బద్ధకం ఎక్కువైంది, చెయ్యి పైకెత్తదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

అమ్మ కొంచెం వంగి నడవడం మొదలుపెట్టింది. వయసు అన్నాను. చీర అంచు నేల మీద ఈడుస్తోంది. కట్టుకోవడం మర్చిపోతోంది అన్నాను. అప్పుడప్పుడూ వీపు మధ్యలో సూదులు గుచ్చినట్టు నొప్పి అంటే పెయిన్ బామ్ రాశాను. "నిటారుగా నడువమ్మా. చూసేవాళ్ళు ఏమనుకుంటారు, కోడలు కూడా కాదు, కూతురు చూసుకుంటోంది గదా" అని కసిరేదాన్ని. ఆమె గోడ పట్టుకుని లేచి, గడ్డం పైకెత్తి, నాకోసం నాలుగడుగులు నిటారుగా నడిచి చూపించేది. ఆ నాలుగడుగులు ఇప్పుడు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక సోమవారం పొద్దున తాగే నీళ్ళ క్యాను వచ్చింది. ఇరవై లీటర్లది. నేను వంటింట్లో బాక్సులు సర్దుతున్నాను. తెచ్చినతను గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. చెరకు కట్టలు మోసిన మనిషికి ఆ క్యాను ఒక లెక్కా? అమ్మ వంగి దాన్ని లోపలికి లాగింది. నడుం కలుక్కుమంది. గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అరవలేదు. "పట్టేసిందే" అని మాత్రం అంది.

ఆ రోజు బామ్ రాసి, బెల్లం కాఫీ ఇచ్చి స్కూలుకు వెళ్ళిపోయాను. సాయంత్రానికి మంచం దిగలేకపోతోంది. డాక్టరు దగ్గరకు వెళ్దాం అన్నాను, నిజమే, ఒకసారి అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఇంట్లో నిన్ను పెట్టుకుని డాక్టరెందుకే? రేపు పొద్దున తొక్కు. మూడు పొద్దులు తొక్కితే అదే పోద్ది."

నేను పెళ్ళయ్యాక ఎవరినీ తొక్కలేదు. చదువుకున్నదాన్ని గదా, ఆ మాట స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు కూడా. అప్పుడు కాదనడానికి నాకు నోరుంది. ఉన్న నోరు ఎందుకు తెరవలేదో చాలాసార్లు ఆలోచించాను. పొద్దున తొమ్మిదికల్లా స్కూల్లో ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి, ఆసుపత్రికి వెళ్తే సెలవు పెట్టాలి, అది ఒక కారణం. రెండో కారణం చెప్పడానికే సిగ్గుగా ఉంది. నేను నమ్మాను. ఎన్ని పాఠాలు చెప్పినా నా ఎడమ కాలి మీద నాకు లోపల్లోపల నమ్మకం ఉండేది. ఊళ్ళో నేను తొక్కినవాళ్ళంతా లేచి నడిచి వెళ్ళారు. అది నేను కళ్ళారా చూశాను.

మంగళవారం పొద్దున ముఖం కడుక్కోకుండా లేచాను. అమ్మ అప్పటికే గడప ముందు చాప వేయించుకుని, మా ఆయన సాయంతో బోర్లా పడుకుని ఉంది. కాలు పెట్టి మెల్లగా మూడుసార్లు అదిమాను. కొంచెం నయం అంది.

బుధవారం మళ్ళీ. "పిల్లి తొక్కినట్టు తొక్కుతావేందే? బరువెయ్యి. చిన్నప్పుడు ఎట్టా తొక్కేదానివి" అని చాప మీద నుంచే తిట్టింది. చిన్నప్పుడు నేను ఎంత, ఇప్పుడు ఎంత! గోడ పట్టుకుని, ఎడమ కాలి మీద బరువేశాను. మూడోసారి వేసినప్పుడు కాలి కింద చప్పుడొచ్చింది. ఎండిన చెరకాకు మీద అడుగేస్తే వచ్చేలాంటి చప్పుడు.

అమ్మ ఊపిరి బిగబట్టింది. తర్వాత సన్నగా, "ఇడిచింది" అంది.

"విడిచింది" అన్నాను నేనూ. నాకు ఎంత సంతోషం వేసిందో దాచుకోను. యాభై ఏళ్ళు దాటిన ఆడదాన్ని, చప్పట్లు కొట్టలేదు గానీ కొట్టినంత పని చేశాను. ఆమె ముఖం చెమటతో తడిసిపోయి ఉంది, పెదాలు తెల్లగా ఉన్నాయి. పట్టు విడిచేటప్పుడు అలాగే ఉంటుంది అనుకున్నాం ఇద్దరం.

గురువారం మూడో పొద్దు. ఆమెను చాప మీదకు దించడానికి మా ఆయనకు పావుగంట పట్టింది. ఈ అవస్థలో వద్దులే అని ఆయన అన్నాడు. మధ్యలో ఆపితే సగమే విడుస్తుందని అమ్మా నేనూ ఒకేసారి అన్నాం. తొక్కాను. ఈసారి భయమేసి కొంచెం తేలిగ్గానే తొక్కాను. తొక్కి, ముఖం కడుక్కుని, బస్సెక్కి స్కూలుకు వెళ్ళిపోయాను.

శుక్రవారం ఆమె అసలు లేవలేదు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి, ఓపికగా మాట్లాడుతుంది. ఎక్స్‌రేలు తీయించింది, ఇంకో పెద్ద స్కానింగ్ తీయించింది, ఎముక ఎంత చిక్కగా ఉందో చూసే పరీక్ష చేయించింది. ఆ బొమ్మలు దీపం ముందు పెట్టి చూపించింది. వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉండాలి. అమ్మవి మూడు ముందు వైపు నలిగిపోయి, ఒక పక్కే అరిగిన సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి.

"ఈ రెండూ పాతవండి. ఎప్పుడో విరిగి అలాగే అతుక్కుపోయాయి. ఆవిడకు తెలిసి కూడా ఉండదు. ఇదిగో ఇది కొత్తది, ఈ వారంలోదే" అంది. "ఎక్కడైనా పడ్డారా?"

"లేదమ్మా, ఎక్కడా పడలా. నీళ్ళ క్యాను లాగానంతే" అంది అమ్మ స్ట్రెచర్ మీద నుంచి.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను.

ఎత్తు ఏమైనా తగ్గారా అని అడిగింది. లేదండీ అన్నాను. ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అని అడిగింది. పెద్దాపరేషన్ సంగతి చెప్పాను. ఎన్నో ఏట అంటే చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"ఎముక రాయి కాదు మేడమ్. రోజూ కొంచెం కరుగుతుంది, కొంచెం కడుతుంది. అండాశయాల నుంచి వచ్చే హార్మోను ఆ కరగడాన్ని అదుపులో ఉంచుతుంది. అందరికీ యాభై దగ్గర తగ్గేది మీ అమ్మగారికి ముప్పై నాలుగుకే ఆగిపోయింది. అప్పట్నుంచీ కట్టేదానికంటే కరిగేదే ఎక్కువ. లోపల గుల్లబారిపోయింది. చిన్నప్పట్నుంచీ బరువులు మోసి మంచి ఎముక కట్టుకున్నారు కాబట్టి ఇన్నాళ్ళయినా ఆగింది."

ఇవన్నీ నాకు తెలియనివి కావు. విడివిడిగా అన్నీ తెలుసు. హార్మోన్ల పాఠం వేరే నెలలో చెబుతాను, ఎముకల పాఠం వేరే నెలలో చెబుతాను. చెదపట్టిన వాసం పైకి నున్నగానే ఉంటుంది, ఇల్లు కూలే రోజు దాకా. అది కూడా మా పేటలో ఎవరినడిగినా చెబుతారు.

అమ్మను గదిలోకి మార్చాక నేను మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. ఎవరి గురించో అడుగుతున్నట్టు అడిగాను. "అలాంటి ఎముక మీద ఎవరైనా కాలేసి తొక్కితే ఏమవుతుందండీ?"

ఆమె నవ్వింది. "ఎవరు తొక్కుతారండీ?" అని, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. "ఈ స్థితిలో ఉన్న ఎముక దగ్గినా విరగొచ్చు. క్యాను లాగినప్పుడే విరిగి ఉండొచ్చు. అప్పుడు కొంచెం పగిలి, తర్వాత పూర్తిగా నలిగి ఉండొచ్చు. ఏది ఎప్పుడు జరిగిందో ఫిలిం చూసి చెప్పలేం."

అంటే నాకు శిక్షా లేదు, విడుదలా లేదు. క్యానో నా కాలో ఇంక ఏ పరీక్షా తేల్చదు. ఆ బుధవారం చప్పుడు విన్నది మాత్రం నేను. అది పట్టు విడిచిన చప్పుడు కాదని నాకు ఆ కుర్చీలోనే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి బాల్కనీలో గోడ చూశాను. తీగ దించినప్పుడల్లా వదిలేసిన మేకు కన్నాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఎత్తు తగ్గారా అంటే లేదండీ అని వచ్చాను.

అప్పట్నుంచి నన్ను పట్టుకున్నది ఒకటే. అమ్మకు చెప్పాలి, నేనే విరగ్గొట్టానని. చెబితే, ఆమె జీవితంలో గర్వపడటానికి మిగిలిన ఒకే ఒక్కదాన్ని లాక్కున్నట్టు. చెప్పకపోతే, ఆమె నన్ను మళ్ళీ తొక్కమంటుంది. అంటుందని నాకు తెలుసు.

నడుముకు బెల్టు పెట్టారు. కాల్షియం బిళ్ళలు, విటమిన్ పొడి, ఎముక గట్టిపడటానికి పొట్ట మీద రోజూ ఒక ఇంజక్షన్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. కొత్తగా విరగకుండా చూసుకోవడం తప్ప నలిగిన పూస మళ్ళీ పైకి లేవదని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. నేనే బాగా తినిపిస్తే లేస్తుందేమోనని రాగిజావలు కాచాను, నువ్వుండలు చుట్టాను, చిన్న చేపలు ముళ్ళతో సహా వేయించి పెట్టాను. వీపు ముందుకు వంగిపోయాక పక్కటెముకలు పొట్ట మీద కూర్చున్నాయి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది. నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. తుమ్మొస్తే భయం, దగ్గొస్తే భయం. నవ్వొస్తే కూడా రెండు చేతులతో మంచం పట్టుకునేది.

గడ్డం రొమ్ముకు ఆనుకుపోయింది. తల ఎత్తలేదు. ఆమెకు ఇప్పుడు మనుషులు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్ళని పాదాలను బట్టి గుర్తుపట్టేది. "నీ మడమలు పగిలినియ్యి, ఆముదం రాయవే" అని పాస్టరమ్మ గారికే చెప్పింది. పేట నుంచి వచ్చిన ఇప్పటి పాస్టరమ్మ గారు, పాత ఆవిడ కోడలు. ఆవిడ నొచ్చుకోలేదు. ప్రార్థన చేసి వెళ్ళారు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడని గానీ వినలేదని గానీ నేను చెప్పలేను. పూస మాత్రం లేవలేదు.

చర్చిలో పాట మొదలైతే ముందుగా లేచి నిలబడేది ఎప్పుడూ మా అమ్మే. చెరకు చేలో పెరిగిన గొంతు, గంటకంటే దూరం పోయేది. బెల్టు కట్టించుకుని ఒక ఆదివారం వెళ్ళింది. అందరూ లేచారు. ఆమె ముందు బెంచీ పట్టుకుని లేచి, నేల చూస్తూ పాడింది. గొంతు కిందకు పోయి అక్కడే పడిపోయింది. రెండో చరణం పాడకుండా కూర్చుంది. మళ్ళీ వెళ్దామని అడగలేదు.

వీటన్నిటి మధ్య ఆమె చెప్పిన కథ ఒకటుంది. వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. "నడుం పట్టేసి చచ్చిపోయేదాన్ని. మా అమ్మాయి తొక్కబట్టి ఈ మాత్రం కూర్చున్నా. ఎదురుకాళ్ళది గదా." పక్కనే ఉండి వినేదాన్ని. కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని.

ఆ కథ విని కింద వాచ్‌మన్ భార్య ఒక పొద్దున ముఖం కడుక్కోకుండా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. "నడుం పట్టేసిందమ్మ గారూ, ఒక్కసారి తొక్కండి" అంది. నలభై ఏళ్ళుంటాయేమో. ఆపరేషన్ అయిందా అని అడిగాను. అయి పదేళ్ళయిందమ్మా అంది. నేను తలుపు ఆమె ముఖం మీదే వేశాను. వేసి, మళ్ళీ తీసి, ఆసుపత్రికి వెళ్ళి ఎముకల పరీక్ష చేయించుకో అని అరిచాను. ఆమె భయపడి మెట్లు దిగిపోయింది. ఆ పరీక్ష ఏదో ఎక్కడో ఆమెకు ఎవరు చెబుతారు? నేనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"దేవుడిచ్చిన కాలే. పొగరు పనికిరాదు" అంది అమ్మ లోపల్నుంచి.

డాక్టరమ్మ మాట మీద నా ఎముకలూ చూపించుకున్నాను. నాకూ ఆపరేషన్ అయింది, ముప్పై తొమ్మిదికి. అమ్మే దగ్గరుండి చేయించింది, పథ్యం వండి పెట్టింది. కాగితం చేతికిచ్చి, "ఇప్పట్నుంచే జాగ్రత్త పడాలి మేడమ్" అన్నారు. నాదీ గుల్లే. అమ్మకు చూపించలేదు. ఇంక నన్ను తొక్కడానికి మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడన్నీ సిజేరియన్లే, ఎదురుకాళ్ళతో బయటికొచ్చే పిల్లలే లేరు. ఆ ఉద్యోగం నాతోనే ఆఖరు.

ఏడాది తిరిగేసరికి గోరుచుట్టు మీద రోకలి పోటు. అమ్మ మంచం దిగబోతూ పక్కకు తిరిగింది. పడి తుంటి విరగలేదు, తుంటి విరిగి పడింది. ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. పుచ్చిన చెక్కలో మేకు నిలుస్తుందా? రెండు నెలలకు లోపల మరలు కదిలిపోయాయి. మళ్ళీ చేస్తే ఆమె తట్టుకోలేదన్నారు. ఇంట్లోనే చూసుకోండి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండండి అన్నారు. ఇంక నడవడం అన్న మాట వాళ్ళూ అనలేదు, మేమూ అడగలేదు. పేటలో అందరికంటే పొడుగు మనిషి, ఇప్పుడు పక్కకు ముడుచుకుని పడుకుంటే మంచంలో సగం ఖాళీ.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ఒళ్ళు తుడిచి పక్కకు తిప్పుతుంటే అడిగింది. "ఒక్కసారి తొక్కవే."

నా చేతిలో తడిగుడ్డ ఉంది. ఆ గుడ్డ బకెట్లో పడేసి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. అలా కూర్చుంటే తప్ప ఆమె ముఖం కనిపించదు. ఇంక దాచే ఓపిక లేదు నాకు.

"అమ్మా, నేను తొక్కబట్టే నీ ఎముక విరిగింది. ఆ రోజొచ్చిన చప్పుడు పట్టు విడిచింది కాదు. పూస నలిగింది. నేనే నలగ్గొట్టాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె తిడితే నేను ఏడవొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు, ఏదో ఒకటి అవుతుంది.

"ఎవురు చెప్పారే? ఆ డాక్టరమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు."

"నీకేం తెలుసు. నీ మొకం" అంది. కోపంగా కాదు, చిన్నపిల్లకు చెప్పినట్టు. ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. "నువ్వు రెండో పొద్దు బాగానే తొక్కావు. మూడో పొద్దే భయపడ్డావు. బరువు ఎయ్యలా. అందుకే సగమే ఇడిచింది. ఆ సగమే నన్నిట్టా చేసింది. నేను ఎవురికీ చెప్పలా, నిన్ను ఏమన్నా అంటారని."

ఏడాదిన్నర నుంచి నేను ఆమె దగ్గర ఒకటి దాస్తున్నాను, ఆమె నా దగ్గర ఇంకొకటి దాస్తోంది. ఆమె నన్ను ఎప్పుడో క్షమించేసింది, కాకపోతే నేను చెయ్యని తప్పుకి. చేసినదానికి క్షమించమని అడుగుదామంటే అది తప్పని ఆమె ఒప్పుకోదు. ఇంక ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోదు.

"ఇప్పుడన్నా పూర్తి చెయ్యవే" అంది. "లేచి నాలుగడుగులు ఎయ్యాలని ఉంది."

"ఆదివారం గదమ్మా" అన్నాను. అంతకు మించి ఏ సాకూ దొరకలేదు.

"అయితే రేపు."

సోమవారం పొద్దున ముఖం కడుక్కోకుండా వెళ్ళాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని, అప్పటికే మేలుకుని ఉంది. బోర్లా పడుకోలేదు, చాప మీదకు దిగలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఎడమ కాలు ఎత్తి, పాదం ఆమె వీపుకి ఆనించాను. ఆనించడమే. కుర్చీ అంచులు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బరువంతా నా వైపే ఉంచుకున్నాను. జాకెట్టు గుడ్డ కింద పూసలు ఒక్కొక్కటీ అరికాలికి తెలుస్తున్నాయి. ఒకటి, తీశాను. రెండు, తీశాను. మూడు.

"బరువేశావా?"

"వేశానమ్మా."

ఆమె ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. నేనూ కదలలేదు.

"చప్పుడు రాలేదే" అంది.

"వచ్చిందమ్మా. నాకు వినపడింది."

"అయితే ఇడిచినట్టే" అని కళ్ళు మూసుకుంది. "ఇంకా రెండు పొద్దులుండాయి. మర్చిపోబాక."